సెంట్రల్ కాలిమంతాన్, 2015: సముద్రం వేడికీ నేల మీది మంటకీ మధ్య ఏం జరిగింది

ఆగ్నేయాసియాలో కార్చిచ్చు సీజన్‌కు ముందంచనా వేసే పనిలో ఉన్నవాళ్లకు ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఒకే ప్రశ్న ఎదురవుతుంది: "ఈసారి ఎల్ నినో అంటున్నారు కదా, పొగ ఎంతొస్తుంది?" పామాయిల్ తోటల కంపెనీలు, బీమా వాళ్లు, విమానాశ్రయాల వాళ్లు, ఆసుపత్రుల నిర్వాహకులు అందరూ అడిగేది ఇదే. జవాబుగా చాలామంది ఎల్ నినోను కొలిచే పసిఫిక్ సముద్ర ఉష్ణోగ్రత గ్రాఫ్ ఒకటి పంపి ఊరుకుంటారు. ఆ గ్రాఫ్‌కూ నేల మీద మంటకూ మధ్య నాలుగైదు మెట్లున్నాయి. ప్రతి మెట్టు దగ్గరా లెక్క అటో ఇటో పోవచ్చు. ఆ మెట్లన్నీ విడివిడిగా కనిపించే సంవత్సరం 2015. చోటు ఇండోనేసియాలోని సెంట్రల్ కాలిమంతాన్ రాష్ట్రం. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట చూపించే కేసు కూడా ఇదే.

ముందు నేల సంగతి

సముద్రం గురించిన వ్యాసాన్ని నేలతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. సముద్రం ఎంత వేడెక్కినా, ఎంత చల్లబడినా, కాలడానికి సిద్ధంగా ఉన్న నేల లేకపోతే అది కరువుగా మిగులుతుంది, కార్చిచ్చు కాదు.

బోర్నియో ద్వీపంలో ఇండోనేసియా భాగాన్ని కాలిమంతాన్ అంటారు. దాని దక్షిణ భాగంలో, జావా సముద్రంలోకి దిగే నదుల మధ్య, వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన ఆకులు, కొమ్మలు, వేళ్ల మందపాటి పొర ఉంది. దీన్నే పీట్ అంటారు. కొన్నిచోట్ల లోతు పది మీటర్లు దాటుతుంది. అడవి చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు ఇది ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలో నానుతూనే ఉంటుంది, కాబట్టి అంటుకోదు.

1995 చివర్లో సుహార్తో ప్రభుత్వం ఇక్కడ పది లక్షల హెక్టార్ల చిత్తడి నేలను వరి పొలాలుగా మార్చాలని నిర్ణయించింది. మెగా రైస్ ప్రాజెక్ట్ అని దానికి పేరు. 1996 నుంచి నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. మనకు కాలువ అంటే పొలానికి నీళ్లు తెచ్చేది. ఈ కాలువలు చేసిన పని పీట్‌లోని నీళ్లను నదిలోకి లాగేయడం. వరి పండలేదు, 1999లో పథకాన్ని ఎత్తేశారు, కాలువలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

తవ్వకం మొదలైన మరుసటి ఏడాదే, 1997లో, బలమైన ఎల్ నినో వచ్చింది. ఆ ప్రాంతంలో 25 లక్షల హెక్టార్ల మేర ఉపగ్రహ చిత్రాలనూ క్షేత్ర కొలతలనూ కలిపి చేసిన అధ్యయనం 2002లో నేచర్ పత్రికలో వచ్చింది. అందులో 32 శాతం నేల కాలిందని, కాలినచోట సగటున అర మీటరు మందం పీట్ బూడిదైందని తేలింది. ఆ లెక్కను ఇండోనేసియా మొత్తానికి విస్తరిస్తే 81 కోట్ల నుంచి 257 కోట్ల టన్నుల కార్బన్ గాల్లోకి పోయి ఉంటుందని అంచనా వేశారు. ప్రపంచమంతా బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి ఏడాదికి వదిలేదానిలో 13 నుంచి 40 శాతం! అంచనాలోని ఆ వెడల్పు చూసి కొందరు పెదవి విరుస్తారు. పీట్ ఎంత లోతుకు కాలిందో తెలుసుకోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు ఆ వెడల్పును నిజాయితీగా తీసుకుంటారు.

ఇంకో అధ్యయనం నాకు మరీ ముఖ్యం. ఉపగ్రహాలు లేని కాలంలో పొగ ఎంత ఉండేదో తెలుసుకోవడానికి విమానాశ్రయాల్లో రోజూ రాసిపెట్టే దృశ్యతా రికార్డులను (ఎంత దూరం కనిపించిందన్న లెక్క) వాడారు. 1960ల నుంచే సుమత్రాలో కరువు వచ్చిన ప్రతి ఏడాదీ పొగే. కాలిమంతాన్‌లో మాత్రం 1980ల దాకా గట్టి కరువులు వచ్చినా పొగ పెద్దగా లేదు. తర్వాత వలసలు, అడవి నరుకుడు, తోటలు పెరిగాక అదే స్థాయి కరువుకు ఊళ్లన్నీ పొగలో మునిగాయి. ఈ తేడా సముద్రం వల్ల వచ్చింది కాదని ఈ ఒక్క పోలికే చెబుతోంది. అందుకే పాత సంవత్సరాల ఎల్ నినో డేటాను, కొత్త సంవత్సరాల మంటల డేటాను కలిపి ఒకే గీత గీసే మోడళ్లంటే నాకు నమ్మకం తక్కువ.

రెండు సముద్రాలు, రెండు గడియారాలు

పసిఫిక్‌లో మామూలు రోజుల్లో పశ్చిమం వైపు నీళ్లు వెచ్చగా ఉంటాయి. వాటి పైన గాలి లేచి మేఘమై ఇండోనేసియా మీద కురుస్తుంది. ఎల్ నినో వచ్చిన ఏడు ఆ వెచ్చటి నీళ్లు తూర్పుకు జరుగుతాయి, వాన కురిసే చోటు కూడా వాటి వెంటే పోతుంది. ఇండోనేసియా మీద గాలి పైకి లేవడం తగ్గి కిందికి దిగడం పెరుగుతుంది. దీన్ని కొలవడానికి వాడేది నినో 3.4 పెట్టె అనే సముద్ర ప్రాంతం: భూమధ్యరేఖకు అటూ ఇటూ 5 డిగ్రీలు, 170 నుంచి 120 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల మధ్య. అక్కడి ఉష్ణోగ్రత సగటు కంటే 0.5 డిగ్రీలు మించి కొన్ని నెలలు నిలబడితే ఎల్ నినో అంటారు.

రెండోది హిందూ మహాసముద్ర డైపోల్. దీన్ని 1999లో సాజీ, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా నేచర్‌లో వివరించారు. ఆఫ్రికా వైపు ఒక పెట్టె, సుమత్రా వైపు ఒక పెట్టె. ఒక్కో పెట్టెలో నీటి ఉష్ణోగ్రతకూ దాని సగటుకూ ఉన్న తేడా చూస్తారు. పశ్చిమ పెట్టెలోని తేడాలోంచి తూర్పు పెట్టెలోని తేడాను తీసేస్తే వచ్చేది డైపోల్ సూచీ. అది పాజిటివ్ అయిన ఏడు జావా, సుమత్రా తీరం వెంబడి ఆగ్నేయ గాలులు బలపడి పైనున్న వెచ్చటి నీళ్లను తోసేస్తాయి, అడుగునున్న చల్లటి నీళ్లు పైకి వస్తాయి. చల్లటి నీళ్ల మీద ఆవిరి తక్కువ, మేఘం తక్కువ. ఇదంతా దీవుల గుమ్మం ముందే జరుగుతుంది కాబట్టి ప్రభావం త్వరగా కనిపిస్తుంది.

పని చేసేవాడికి అసలు ముఖ్యమైనది ఈ రెండింటి కాలం. దక్షిణ కాలిమంతాన్‌లో మంటల సీజన్ ఆగస్టు నుంచి అక్టోబరు, బాగా లాగితే నవంబరు మొదలు. ఎల్ నినో శిఖరానికి చేరేది సాధారణంగా నవంబరు, జనవరి మధ్య. అంటే వార్తల్లో వచ్చే ఆ పెద్ద అంకె నమోదయ్యేనాటికి ఇక్కడ వానాకాలం వచ్చేసి ఉంటుంది, మంటలు ఆరిపోయి ఉంటాయి. డైపోల్ అలా కాదు. అది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే శిఖరానికి చేరి, గాలులు దిశ మార్చుకోగానే డిసెంబరు కల్లా కరిగిపోతుంది. మంటల సీజన్‌తో సరిగ్గా కలిసి నడిచేది అదే. "ఇది చరిత్రలోనే బలమైన ఎల్ నినోల్లో ఒకటి" అన్న శీర్షిక పొగ ముందంచనాకు దాదాపు పనికిరాదు. ఆ బలం ఆగస్టులో ఎంత, సెప్టెంబరులో ఎంత అన్నదే పనికొచ్చేది.

2015 ఎలా నడిచింది

కథ 2014లో మొదలవుతుంది. ఆ ఏడు మార్చిలో అమెరికా వాతావరణ సంస్థ నోవా ఎల్ నినో మీద నిఘా ప్రకటించింది. పసిఫిక్ అడుగున వెచ్చటి నీటి అల పెద్దదే కనబడింది, 1997తో పోలికలు మొదలయ్యాయి. మధ్య సంవత్సరానికి గాలులు సహకరించక అంతా చల్లారింది. మార్చి నుంచి మే దాకా వేసే ఎల్ నినో అంచనాలు తర్వాత వేసే వాటికంటే బలహీనం. ఈ అడ్డంకి మోడలింగ్ చేసేవాళ్లందరికీ తెలిసిందే. అయినా 2014 భంగపాటు తర్వాత వినేవాళ్లకే నమ్మకం సడలింది. 2015 మార్చిలో నోవా ఎల్ నినో వచ్చేసిందని, మేలో ఆస్ట్రేలియా వాతావరణ సంస్థ కూడా అదే మాటని ప్రకటించినప్పుడు "నిరుడూ ఇలాగే అన్నారుగా" అన్నవాళ్లు తక్కువేం కాదు.

జులై నుంచి దక్షిణ సుమత్రా, దక్షిణ బోర్నియోల్లో వానలు పలచబడ్డాయి. ఆగస్టు నుంచి డైపోల్ కూడా పాజిటివ్ వైపు నిలబడింది. ఎండాకాలంలో కాలిమంతాన్ మీద చుక్క వాన పడదనుకుంటే పొరపాటు. మామూలు ఏడాదిలో సెప్టెంబరులోనూ మధ్యమధ్య మంచి జల్లులు పడతాయి, పీట్‌ను కాపాడేవి అవే. 2015లో ఆ జల్లులు రాలేదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మంటల నుంచి రోజుకు సగటున 1.13 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడిందని తర్వాత లెక్కగట్టారు. అప్పట్లో యూరోపియన్ యూనియన్ మొత్తం ఇంధనాలు కాల్చి రోజుకు వదిలేది 89 లక్షల టన్నులు.

కాలుష్య సూచీ 300 దాటితే ప్రమాదకరం అంటారు. రాష్ట్ర రాజధాని పలంకారాయలో అది 2,000 దగ్గరకు వెళ్లింది. గాలి అటు వీయడంతో సింగపూర్, మలేసియా కూడా పొగలో మునిగాయి. సెప్టెంబరు 25న సింగపూర్‌లో బడులు మూసేశారు. అక్కడున్న తెలుగు కుటుంబాలు ఆ రోజుల్లో మాస్కులు, గాలి శుద్ధి యంత్రాల కోసం తిరిగిన తిరుగుడు చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్టోబరు చివర్లో అధ్యక్షుడు జోకో విడోడో అమెరికా పర్యటనను కుదించుకుని వెనక్కి వచ్చారు. ఆ రోజుల్లోనే వానలు మొదలయ్యాయి. హెలికాప్టర్లు, సైనికులు, నీటి ట్యాంకర్లు నెలల తరబడి చేయలేకపోయిన పని కొద్ది వారాల వాన చేసింది.

నష్టం లెక్క: ప్రపంచ బ్యాంకు ప్రకారం 26 లక్షల హెక్టార్లు, అందులో దాదాపు మూడో వంతు పీట్, 1,610 కోట్ల డాలర్లు. పొగ వల్ల నేరుగా చనిపోయారని అధికారికంగా చెప్పింది 19 మంది. గాలిలోని సూక్ష్మ ధూళి ప్రభావాన్ని మోడల్‌తో లెక్కగట్టిన ఒక అధ్యయనం ఇండోనేసియా, మలేసియా, సింగపూర్‌లలో కలిపి లక్ష పైచిలుకు అకాల మరణాలని చెప్పింది. ఈ రెండు అంకెలు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టిపారేయడం అప్పట్లో బాగానే జరిగింది.

నాలుగు మిల్లీమీటర్ల గీత

2015 తర్వాత వచ్చిన పరిశోధనల్లో నా పనిని మార్చింది ఒకటుంది. 2016లో వచ్చిన ఆ విశ్లేషణ వానకూ మంటకూ ఉన్న సంబంధం సరళరేఖ కాదని గట్టిగా చూపింది. సగటు వాన రోజుకు 4 మిల్లీమీటర్ల కంటే పైన ఉన్నంతసేపు కాస్త తగ్గినా పెరిగినా మంటలు పెద్దగా మారవు. ఆ గీత దిగాక ప్రతి మిల్లీమీటరుకూ మంటలు ఎగబాకుతాయి.

కారణం పీట్‌లోనే ఉంది. వాన తగ్గిన మొదటి వారాల్లో పైపైన గడ్డి, ఆకులే ఎండుతాయి. నీటిమట్టం దిగేకొద్దీ ఎండిన పొర మందం పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక పైన పెట్టిన నిప్పు లోపలికి దిగుతుంది. ఊక కుప్పకు నిప్పంటుకుంటే పైకి మంట కనపడకుండా రోజుల తరబడి లోపల రాజుకున్నట్టే, పీట్ కూడా నేల కింద పాకుతూ పది అడుగుల అవతల మళ్లీ పొగ కక్కుతుంది. పైన నీళ్లు పోస్తే ఆరదు. నీటిమట్టం మళ్లీ పైకి రావాలి.

ఈ గీత దృష్టిలో పెట్టుకుంటే పాత సంవత్సరాల చిక్కుముళ్లు కొన్ని విడిపోతాయి. 2006 ఎల్ నినో బలహీనమైనదే. 2009 ఎల్ నినో దానికంటే గట్టిది. అయినా ఇండోనేసియా మంటల ఉద్గారాలు 2006లోనే ఎక్కువ. 2006లో డైపోల్ పాజిటివ్‌గా ఉంది, వానలు ఆలస్యమయ్యాయి. 2009లో డైపోల్ తోడు రాలేదు. అలాగే నినో సూచీ శిఖరం 2015 చివర్లో 2.6 డిగ్రీలు, 1997లో 2.4. సూచీ ప్రకారం చూస్తే 2015 పెద్దది, ఉద్గారాల్లో 1997 పెద్దది. 1997లో డైపోల్ చాలా బలంగా ఉంది. మనకు కావలసిన ప్రశ్న "ఎల్ నినో ఎంత పెద్దది" అన్నది కాదు. "4 మిల్లీమీటర్ల గీత కింద ఎన్ని వారాలు గడుస్తాయి" అన్నది.

ఇంత చెప్పాక దీనికి ఎదురు నిలిచే సంవత్సరాన్ని దాచకూడదు. 2013 జూన్‌లో ఎల్ నినో లేదు. ఆ నెల 21న సింగపూర్ కాలుష్య సూచీ 401కి చేరింది, అప్పటిదాకా అదే రికార్డు. పొగ వచ్చింది మధ్య సుమత్రాలోని రియావు రాష్ట్రం నుంచి. తర్వాత చూస్తే కాలినది సుమారు 1.63 లక్షల హెక్టార్లే, కానీ అందులో అయిదింట నాలుగు వంతులకు పైగా పీట్. రియావు భూమధ్యరేఖ దగ్గరుంది. అక్కడ ఏటా రెండు పొడి కాలాలు: ఫిబ్రవరి, మార్చి ఒకటి, జూన్ నుంచి ఆగస్టు మరొకటి. కాలువలతో నీళ్లు తోడేసిన పీట్‌కు రెండు మూడు వారాల పొడి చాలు, సముద్రం సాయం అక్కర్లేదు. 2014 మార్చిలో రియావు మళ్లీ తగలబడటమే దీనికి సాక్ష్యం. అందుకే "ఇండోనేసియాకు ఒక ముందంచనా" అనే పద్ధతిని నేను ఒప్పుకోను. దక్షిణ సుమత్రా, దక్షిణ కాలిమంతాన్‌లను సముద్ర సూచీలతో చూడాలి. రియావును వారం వారం వాన లెక్కతో చూడాలి.

ఉపగ్రహం చూడనిది

మంటల లెక్కకు మనం ఎక్కువగా ఆధారపడేది రెండు రకాల సెన్సర్ల మీద. టెర్రా, ఆక్వా ఉపగ్రహాల్లోని మోడిస్ కిలోమీటరు చుక్కతో చూస్తుంది, అంటే చిత్రంలో ఒక్క చుక్క నేల మీద కిలోమీటరు వెడల్పు. సువోమీ ఎన్‌పీపీతో 2011లో మొదలైన వీర్స్ 375 మీటర్ల చుక్కతో చూస్తుంది. ఇవి పట్టేది వేడిని. పీట్ మంట తక్కువ వేడితో నేల లోపల రాజుకుంటుంది కాబట్టి చాలావరకు దొరకదు. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, పొగ బాగా కమ్మిన రోజున సెన్సర్ ఆ పొగను మేఘమనుకుని ఆ చోటును వదిలేయవచ్చు. 2015 అక్టోబరులో కొన్ని రోజుల హాట్‌స్పాట్ల (ఉపగ్రహం పట్టిన వేడి చుక్కల) పట్టిక మాత్రమే చూస్తే మంటలు తగ్గాయేమో అనిపిస్తుంది. నిజానికి అవి అత్యంత ఘోరమైన రోజులు. హాట్‌స్పాట్ల పక్కన కార్బన్ మోనాక్సైడ్ కొలతలను పెట్టుకోమని చెప్పేది ఇందుకే. రాజుకునే మంట ఆ వాయువును ఎక్కువగా వదులుతుంది, 2015లో దాన్ని మోపిట్ అనే ఉపగ్రహ పరికరం పట్టుకుంది.

కాలిన విస్తీర్ణం లెక్కలోనూ ఇదే గొడవ. అధికారిక లెక్క 26 లక్షల హెక్టార్లైతే, పొగలోంచి చూడగలిగే సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్‌తో చేసిన అధ్యయనం 46 లక్షలు అంది. ముందంచనా మోడల్‌ను ఏ అంకెకు సరిపోల్చుకుంటామో దాన్నిబట్టి మోడల్ మంచిదో చెడ్డదో తేలిపోతుంది. నేను మొత్తం విస్తీర్ణం కంటే రాష్ట్రాల వారీగా ఏడాదికీ ఏడాదికీ మధ్య పోలికలకే ఎక్కువ విలువిస్తాను. ఒకే సంస్థ ఒకే పద్ధతిలో ఏటా లెక్కపెడితే, అంకె తప్పైనా సంవత్సరాల మధ్య తేడా మాత్రం కొంతవరకు నమ్మొచ్చు.

ఇంకో మాట. ఈ మంటల్లో పిడుగు పాత్ర దాదాపు లేదు, పెట్టేది మనుషులే. 2009 నాటి పర్యావరణ చట్టం కుటుంబానికి రెండు హెక్టార్ల దాకా సంప్రదాయ పద్ధతిలో కాల్చుకోనిచ్చింది. దాన్ని సాకుగా చూపి రైతుల మీదికి నెట్టడం, పక్కనే పెద్ద తోటల కాలువల గురించి మాట్లాడకపోవడం మామూలే. నిప్పు ఎవరు పెట్టారన్నది పోలీసుల ప్రశ్న. అది అంత దూరం ఎందుకు పాకిందన్నది నీటిమట్టం ప్రశ్న, మా ముందంచనాకు కావలసింది అదే.

ఏ నెలలో ఏం చూడాలి

ఏప్రిల్‌లో నేను అంకె ఇవ్వను. ఎంత ఒత్తిడి చేసినా సరే. 2014 గుర్తుంటే చాలు. మే, జూన్‌లో పసిఫిక్ కంటే ముందు చూసేది సుమత్రా, జావా తీరం: అక్కడి నీళ్లు చల్లబడుతున్నాయా, అడుగున చల్లటి పొర పైకి జరుగుతోందా, తీరం వెంట ఆగ్నేయ గాలులు మామూలు కంటే ముందే బలపడ్డాయా. దీనికి కావలసిన లోతు కొలతలు ఆర్గో ఫ్లోట్‌ల నుంచి, అంటే సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలిచే యంత్రాల నుంచి వస్తాయి. హిందూ మహాసముద్రం ఆర్గో డేటాను భద్రపరిచే ప్రాంతీయ కేంద్రం మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. ఇండోనేసియా పొగను ముందుగా పసిగట్టే డేటాలో కొంత మన ఊరి సర్వర్ల నుంచే పోతుందని ఇక్కడివాళ్లకు పెద్దగా తెలియదు.

జులై నుంచి సముద్రం పక్కకు జరిగి వాన ముందుకొస్తుంది. ఇండోనేసియా వాతావరణ సంస్థ బీఎంకేజీ వరుసగా వాన లేని రోజుల పటాలు ఇస్తుంది. అరవై రోజులు దాటితే వాళ్ల వర్గీకరణలో అది తీవ్రాతితీవ్రం. దాంతోపాటు కెనడా అగ్ని వాతావరణ పద్ధతిలోని డ్రాట్ కోడ్ అనే సూచీ ఉంది. అది సుమారు 52 రోజుల మందగతితో కదులుతుంది, లోతు పొరలు ఎండే వేగానికి దగ్గరగా ఉంటుంది. రోజువారీ ఎండ, గాలి లెక్కల కంటే పీట్‌కు ఇది నయం.

సెప్టెంబరులో ప్రశ్న మారిపోతుంది: వాన ఎప్పుడు తిరిగొస్తుంది? అప్పటికి రాజుకున్న మంటను ఆపేది అదొక్కటే. ఇక్కడ డైపోల్ ఎప్పుడు కరుగుతుందన్నదీ, భూమధ్యరేఖ వెంట 30 నుంచి 60 రోజులకోసారి తిరిగే మాడెన్-జూలియన్ అల (మేఘాలను, వానను వెంటతెచ్చే గాలి అల) ఇండోనేసియా మీదికి ఎప్పుడు వస్తుందన్నదీ చూడాలి. అల వచ్చినా డైపోల్ బలంగా ఉంటే వారం వానతో సరిపెట్టి పోతుంది. రాజుకుంటున్న పీట్‌కు అది చాలదు. రెండు వారాల ఆలస్యం కూడా మామూలు సంగతి కాదు. సీజన్ చివరి వారాల్లోనే నేల అత్యంత లోతుగా ఎండి ఉంటుంది కాబట్టి ఆ వారాల ఉద్గారాలే ఎక్కువ.

క్లయింట్‌కు రాసి ఇచ్చే వాక్యం కూడా దీన్నిబట్టే మారింది. "బలమైన ఎల్ నినో, మంటల ముప్పు ఎక్కువ" అని రాస్తే ఆసుపత్రి వాళ్లు ఏం చేయగలరు? "ఈ రెండు జిల్లాల్లో సెప్టెంబరు మధ్యకల్లా వాన గీత కిందికి దిగే అవకాశం ఎక్కువ, అక్టోబరు చివరిదాకా కోలుకోకపోవచ్చు" అంటే మాస్కులు ఎప్పుడు తెప్పించాలో, ఏ షిఫ్టులో ఎవర్ని పెట్టాలో వాళ్లే చూసుకుంటారు.

ఇదే పద్ధతి మన నల్లమలకు?

హైదరాబాద్ మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఉన్నదున్నట్టుగా పనికిరాదు. ఇక్కడ పీట్ లేదు, అడవి కాలే కాలం ఫిబ్రవరి నుంచి మే. పైగా అవే సముద్రాలు మనకు వేరేగా పనిచేస్తాయి. 2015లో కాలిమంతాన్‌ను ఎండబెట్టిన ఎల్ నినో మన నైరుతి రుతుపవనాలనూ దెబ్బతీసింది, దేశమంతా కలిపి సగటులో 86 శాతం వానే పడింది. అదే ఏడు నవంబరులో నెల్లూరు జిల్లా వరదల్లో మునిగింది. ఎల్ నినో ఏళ్లలో ఈశాన్య రుతుపవనం దక్షిణాన బలపడే ధోరణి ఉంది మరి. 2019 డైపోల్ ఇంకా విచిత్రం: జూన్‌లో 33 శాతం లోటుతో మొదలైన మన రుతుపవనం 110 శాతంతో ముగిసింది, 1994 తర్వాత అంత వాన అదే. తూర్పున సుమత్రా, కాలిమంతాన్, ఆస్ట్రేలియా ఎండిపోయాయి. నల్లమలలో ఒక ఏడాది వాన ఎక్కువ పడితే గడ్డి ఏపుగా పెరుగుతుంది, వేసవిలో అదే ఇంధనం అవుతుంది. తక్కువ పడితే ఆకులు ముందే రాలి ఎండుతాయి. ఈ రెండు ఎదురెదురు ప్రభావాల్లో ఏది గెలుస్తుందో ముందు తేల్చుకోకుండా నినో గ్రాఫ్‌ను శ్రీశైలం అడవికి అతికించడం అనవసరపు హడావుడి.

2019, 2023: సముద్రం పాత్ర ఎంత, మనుషుల పాత్ర ఎంత

2015 మంటల తర్వాత, 2016 జనవరిలో, ఇండోనేసియా పీట్ పునరుద్ధరణ సంస్థను పెట్టింది. ఏడు రాష్ట్రాల్లో 20 లక్షల హెక్టార్లు బాగుచేయాలన్నది లక్ష్యం. కాలువలకు అడ్డుకట్టలు వేశారు. నీటిమట్టం నేల కింద 40 సెంటీమీటర్ల కంటే దిగకూడదన్న నిబంధనను తోటలకు అమలు చేయడం మొదలైంది. ఇవి పనిచేశాయా?

ఆ తర్వాత కొన్నేళ్లు అంకెలు తక్కువగా ఉన్నాయి: 2016లో 4.4 లక్షల హెక్టార్లు, 2017లో 1.65 లక్షలు. ఈ తగ్గుదలను పథకం ఖాతాలో వేసుకున్నవాళ్లున్నారు. 2016లో డైపోల్ బలంగా నెగెటివ్‌లో ఉంది, అంటే సుమత్రా తీరం వెచ్చగా ఉండి వానలు దండిగా కురిశాయి. అలాంటి ఏడాదితో ఏ పథకాన్నీ పరీక్షించలేం. నిజమైన పరీక్ష 2019లో వచ్చింది. సీజన్ నడిమికి పసిఫిక్ దాదాపు తటస్థంగా ఉంది, డైపోల్ సూచీ అక్టోబరులో 2 డిగ్రీలు దాటింది. ఎల్ నినో లేకుండానే 16.5 లక్షల హెక్టార్లు కాలాయి, అందులో 4.9 లక్షలు పీట్. జంబి రాష్ట్రంలో పట్టపగలే ఆకాశం ఎర్రగా మారిన వీడియోలు ఆ సెప్టెంబరువే. సెంట్రల్ కాలిమంతాన్‌లో 2015లో సుమారు 5.8 లక్షల హెక్టార్లు కాలితే 2019లో 3.2 లక్షలు. తగ్గిన మాట నిజం. కానీ 2019లో పసిఫిక్ కలిసిరాలేదు కాబట్టి ఆ తగ్గుదలలో అడ్డుకట్టల వాటా ఎంతో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చెప్పలేం.

2023 కాస్త మెరుగైన పోలిక. గట్టి ఎల్ నినో, పాజిటివ్ డైపోల్ రెండూ ఉన్నాయి. 11.6 లక్షల హెక్టార్లు కాలాయి, 2015లో సగం కూడా కాదు. అయితే ఆ ఏడు ఉష్ణమండల సముద్రాలన్నీ వెచ్చగా ఉన్నాయి. పసిఫిక్ పెట్టె ఒక్కటే వేడెక్కినప్పుడు గాలులు తిరిగినంతగా, అన్నీ కలిసి వేడెక్కినప్పుడు తిరగవు. అందుకే 2023 నినో అంకె చూపినంత బలం వాతావరణంలో కనిపించలేదు. మిగతా ఉష్ణమండలంతో పోల్చి లెక్కవేసే సాపేక్ష సూచీని ఇప్పుడు నేను పాత దాని పక్కనే పెట్టుకుంటున్నాను. రెండింటి మధ్య దూరం పెరిగిన ఏడాదుల్లో పాత సూచీతో వేసిన పొగ అంచనా మరీ ఎక్కువొచ్చే ప్రమాదం ఉంది.

అడ్డుకట్టల వాటా తేల్చాలంటే అడ్డుకట్ట వేసిన కాలువ పక్కనా, వెయ్యని కాలువ పక్కనా పీట్‌లో పాతిన నీటిమట్టం గొట్టాల రీడింగులను, ఒకే వాన లోటు ఉన్న వారాల్లో పోల్చాలి. వాన ఒకటే అయితే సముద్రం పాత్ర రెండు చోట్లా ఒకటే, మిగిలే తేడా కాలువదే. ఆ గొట్టాల్లో చాలావరకు తోటల కంపెనీల చేతిలో ఉన్నాయి. ఇప్పుడు కొత్తగా ఏ క్లయింట్ ముందంచనా అడిగినా, బదులుగా నేను మొదట అడిగేది వాళ్ల గొట్టాల రీడింగులే.